కీచకుడి నుంచి ధర్మరాజు దాకా: మంచీ చెడూ నటించడం ఎలా

కొత్తగా నాటకాల్లో చేరినవాళ్ళకి విలన్ వేషం ఇస్తే ముందు కనుబొమలు పైకి లేస్తాయి. గొంతు బరువెక్కుతుంది. ప్రతి డైలాగ్ చివరా ఒక నవ్వు వచ్చి చేరుతుంది. అదే మంచివాడి వేషం ఇస్తే తల కొంచెం పక్కకి వాలుతుంది, గొంతు మెత్తబడుతుంది, కళ్ళు సగం మూతపడతాయి. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే చేశాను. దీనివల్ల జరిగే నష్టం ఒకటే, కానీ అది చాలా పెద్దది. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్నది ప్రేక్షకుడికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత అతను తేల్చుకోవలసింది ఏమీ మిగలదు.

మీకు ఏదైనా వేషం వచ్చి, దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతుంటే ఇది మీ కోసమే. పని ఎలా చేయాలో ఒకే సీను పట్టుకుని చెబుతాను. విరాటుడి కొలువులో, అందరూ చూస్తుండగా, కీచకుడు ద్రౌపదిని జుట్టు పట్టి లాగి తన్నే సీను. కథ మనందరికీ తెలిసినదే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక కుటుంబం ఆడిన మొదటి నాటకం కీచక వధే. ఈ సీనులో కీచకుడు ఒక్కడే లేడు. చూస్తూ కూర్చున్న రాజు ఉన్నాడు, మారువేషంలో ఉన్న ఇద్దరు భర్తలున్నారు, వీటన్నిటికీ కారణమై లోపల అంతఃపురంలో కూర్చున్న రాణి ఉంది. మనిషిలోని మంచీ చెడూ ఎన్ని రకాలుగా ఉంటాయో చూడటానికి ఇంతకంటే మంచి సీను నాకు తెలియదు.

ముందు విశేషణాలు కొట్టేయండి

స్క్రిప్ట్ చేతికి రాగానే డైలాగులు బట్టీ పట్టకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీ పాత్ర గురించి ఇతరులు అన్న మాటలు రాయండి: దుర్మార్గుడు, కాముకుడు, మదాంధుడు. కుడివైపు మీ పాత్ర నిజంగా చేసిన పనులు మాత్రమే రాయండి: అక్కని చూడటానికి వచ్చాడు, ఒక స్త్రీని చూశాడు, ఎవరని అడిగాడు, ఆమె కాదంది, మళ్ళీ అడిగాడు, అక్క కాళ్ళావేళ్ళా పడ్డాడు.

ఇప్పుడు ఎడమవైపు మొత్తం కొట్టేయండి. అది ప్రేక్షకుడి పని. దుర్మార్గాన్ని ఎవరూ నటించలేరు. నటించగలిగేది అడగడం, లాగడం, తోయడం, ఎదురుచూడటం, సిగ్గుపడటం. మీ పనంతా కుడివైపు ఉంది.

మంచి పాత్రలకి కూడా ఇదే చేయండి. "ధర్మమూర్తి" అన్న మాట కొట్టేస్తే ధర్మరాజు గురించి ఏం మిగులుతుంది? జూదమాడాడు, భార్యని పణంగా పెట్టాడు, ఓడాడు, అడవికి వెళ్ళాడు, పేరు మార్చుకుని ఇంకో రాజు దగ్గర పాచికలాడటానికి కుదిరాడు. ఇలా రాసుకున్న రోజు నాకు ఆ మనిషి మొదటిసారి కనిపించాడు.

పాత్ర తరఫున వకాల్తా పుచ్చుకోండి

తర్వాతి పేజీలో మీ పాత్ర మీతో మాట్లాడుతున్నట్టు "నేను" అంటూ ఒక పేజీ రాయండి. కీచకుడి కోసం నేను రాసుకున్నది ఇలా మొదలవుతుంది: "ఈ రాజ్యం నా భుజాల మీద నిలబడి ఉంది. బావగారు నిశ్చింతగా సింహాసనం మీద కూర్చుంటున్నారంటే అది నా కత్తి వల్ల. నేను అడిగింది ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఈ పనిమనిషి కాదంటోంది. నిజంగా కాదంటోందా, బెట్టు చేస్తోందా?"

ఆ మొదటి వాక్యం అబద్ధం కాదు. కీచకుడు చనిపోయాడని తెలియగానే త్రిగర్త రాజు సుశర్మ విరాటుడి మత్స్య దేశం మీద పడ్డాడు. కౌరవులూ వెంట వచ్చారు. అంటే కీచకుడు నిజంగానే ఆ దేశానికి గోడ. గొప్ప వీరుడు. అక్క మీద ప్రేమ ఉన్న తమ్ముడు. ఇవన్నీ నిజమైనప్పుడే అతను చేసే పని భయంకరంగా ఉంటుంది. మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపకుల్లో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ, చెడ్డవాడిని ఆడేటప్పుడు అతను ఎక్కడ మంచివాడో వెతకమని నటులకి చెప్పేవాడు. కేరళ కథకళివాళ్ళు ఈ సంగతిని ముఖం మీదే రాశారు. రావణుడికి, దుర్యోధనుడికి, కీచకుడికి వాళ్ళు వేసేది కత్తి వేషం. అందులో ముఖానికి అడుగున పూసే రంగు నాయకులకి వేసే ఆకుపచ్చే. దాని మీద పైకి తిరిగిన ఎర్రటి గీతలు, ముక్కు మీద, నుదుటి మీద తెల్లటి ఉండలు వస్తాయి. కింద ఆకుపచ్చ అలాగే ఉంటుంది. మీరు మేకప్ వేసుకునేటప్పుడు ఈ విషయం ఒక్కసారి తలచుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వకాల్తా పుచ్చుకోవడం అంటే కీచకుడిని క్షమించడం కాదు. అతని లెక్క ఎక్కడ తప్పిందో మీకు స్పష్టంగా తెలియాలి. నా దృష్టిలో అది తప్పిన చోటు "నిజంగా కాదంటోందా?" అన్న ప్రశ్న. ఎదుటి మనిషి చెప్పిన మాటని తనకి కావలసినట్టు మార్చుకోవడం. రాజ్యాలూ కత్తులూ లేనివాళ్ళు కూడా ఈ పని చేస్తారు. మన ఇళ్ళలో, మన వీధుల్లో చేస్తున్నారు. మీరు ఆడవలసిన కీచకుడు అక్కడున్నాడు. అతన్ని గుర్తుపట్టి ప్రేక్షకుల్లో ఒక్కడు కుర్చీలో కదిలినా మీ శ్రమ ఫలించినట్టే.

కోరికని క్రియగా రాయండి

ప్రతి సీనుకీ మీ పాత్రకి ఏం కావాలో ఒక్క క్రియలో రాయండి. ఒప్పించాలి, దాచాలి, గెలవాలి, తప్పించుకోవాలి. సీను మారితే కోరిక మారిందేమో చూడండి.

కీచకుడికి తన మందిరంలో కావలసింది ఆమె. కానీ ఆమె అతన్ని తోసేసి పరిగెత్తింది. అతను కింద పడ్డాడు. ఆమె వెంటపడి కొలువుకి వచ్చేసరికి అతనికి కావలసింది మారిపోయింది. పడిపోయిన తన పరువుని అందరి ముందూ నిలబెట్టుకోవాలి. అంటే ఆ తన్ను ఆమె కోసం కాదు, చూస్తున్న సభ కోసం. ఈ తేడా తెలియని నటుడు రెండు చోట్లా ఒకేలా అరుస్తాడు. తెలిసిన నటుడు కొలువులోకి రాగానే ముందు చుట్టూ ఒకసారి చూస్తాడు. ఎవరెవరున్నారో లెక్కపెట్టుకుంటాడు. ఆ చూపు ఒక్కటి చాలు, మనకి వణుకు పుడుతుంది.

పెన్సిల్‌తో గీత గీయవలసిన చోటు

మనిషి ఏదో ఒకటి నిర్ణయించుకునే క్షణం ప్రతి పాత్రకీ ఉంటుంది. స్క్రిప్టులో దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి. మంచీ చెడూ నటుడికి దొరికేది అక్కడే. ఈ కథలో అలాంటి క్షణాల్లోకెల్లా నన్ను ఎక్కువగా వేధించేది కీచకుడి అక్క, రాణి సుధేష్ణది.

ఆమె చెడ్డ మనిషి కాదు. దిక్కులేకుండా వచ్చిన సైరంధ్రికి, అంటే మారుపేరుతో ఉన్న ద్రౌపదికి, తన దగ్గర చోటిచ్చింది. తిక్కన భారతంలో తమ్ముడికి మొదట బుద్ధి చెప్పి చూసింది. కానీ తమ్ముడు తట్టుకోలేడని, ఏమైపోతాడోనని భయపడింది. చివరికి మదిర తెచ్చిపెట్టమనే వంకతో సైరంధ్రిని అతని ఇంటికి పంపింది. సైరంధ్రి వెళ్ళనంది, ఇంకెవరినైనా పంపమంది. అయినా పంపింది.

మీకు సుధేష్ణ వేషం వస్తే మదిర కోసం గిన్నె అందించే క్షణం కోసం వారం రోజులు కష్టపడండి. గిన్నె మీ చేతిలో ఉంది. ఎదురుగా ఉన్న అమ్మాయి కళ్ళలో భయం మీకు కనిపిస్తోంది. ఇవ్వకుండా ఉండే అవకాశం ఇంకా మీ దగ్గరే ఉంది. ఆ అవకాశం నిజంగా ఉందని నమ్మి చేయండి. ఈసారి ఇవ్వనేమో అని మీకే అనిపించాలి. అప్పుడు ఇవ్వండి. ఇచ్చాక ఎటు చూస్తారు? నేను చూసిన ఒక నటి గిన్నె ఇచ్చేసి, సైరంధ్రి చీర కుచ్చిళ్ళు సరిచేసింది. అమ్మ కూతుర్ని బయటికి పంపేటప్పుడు చేసినట్టు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. అది డైరెక్టర్ చెప్పింది కాదు. ఆ క్షణం మీద ఆమె అన్ని రోజులు నిలబడింది కాబట్టి దొరికింది.

మంచివాడి పిడికిట్లో ఏముంది?

మంచివాడి వేషం ఎక్కువ కష్టం. విలన్‌కి కోరిక పైకి కనిపిస్తుంది. మంచివాడు తన కోరికని అణచుకుంటాడు. అణచుకోవడం కనిపించాలంటే అణగేది ఒకటి లోపల ఉండాలి. అందుకని మంచి పాత్ర చేసేటప్పుడు మొదటి ప్రశ్న ఇది: ఈ మనిషికి ఇప్పుడు ఏం చేసేయాలని ఉంది?

కొలువులో ధర్మరాజు కంకుభట్టు పేరుతో కూర్చున్నాడు. కళ్ళముందు భార్యని తన్నారు. అజ్ఞాతవాసం ముగియడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. ఇప్పుడు లేచి నిలబడితే తామెవరో బయటపడుతుంది. బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. పక్కనే భీముడు చెట్టు వైపు చూస్తున్నాడు, పీకి కీచకుణ్ణి కొట్టడానికి. ధర్మరాజు అతన్ని, వంటకి కట్టెలు కావాలంటే బయట చూసుకోమన్నట్టు గూఢంగా మాట్లాడి ఆపుతాడు. తర్వాత ద్రౌపదితో, ఇలా నాట్యం చూపిస్తూ సభలో నిలబడటం తగదు, లోపలికి వెళ్ళమంటాడు. దానికి తిక్కన ద్రౌపది ఇచ్చే జవాబు నటులందరూ తెలుసుకోవాలి: నా భర్తే నటుడు, కాబట్టి నాకూ అదే వచ్చింది, అతను నటుడే కాదు జూదరి కూడా.

ఆ మాట పడ్డాక ధర్మరాజు ముఖం ఎలా ఉండాలి? చాలామంది శాంతంగా కళ్ళు మూసుకుంటారు. అలా చేయకండి. శాంతం అక్కడ అబద్ధం. నేను ఈ వేషం కట్టినప్పుడు పాచికలు చేతిలో ఉంచుకున్నాను. విరాటుడితో ఆడుతూ ఉండగానే గొడవ మొదలవుతుంది కాబట్టి అవి చేతిలో ఉండటం సహజమే. ఏ పాచికలతో భార్యని ఒక సభలో పోగొట్టుకున్నాడో అలాంటి పాచికలే ఇంకో సభలో పిడికిట్లో ఉన్నాయి. వాటిని నొక్కుతూనే ఉన్నాను. ముఖంతో ఏమీ చేయలేదు. తెర పడ్డాక చూసుకుంటే అరచేతిలో అంచులు దిగిన గుర్తులున్నాయి.

ఒకటి గమనించండి. ధర్మరాజు చేసింది మంచా, చెడా అన్నది నేను తేల్చలేదు. ఆ రాత్రి ద్రౌపది వంటశాలకి వెళ్ళి భీముడితో మొరపెట్టుకుంటుంది, ధర్మరాజు దగ్గరికి వెళ్ళదు. ఆమె తీర్పు ఆమెది. నటుడిగా మీరు మోయవలసింది ఆ బరువుని, తీర్పుని కాదు. ఆ వ్యక్తి తను సరైనదే చేస్తున్నానని నమ్ముతూ అదే సమయంలో సిగ్గుతో చచ్చిపోవచ్చు. రెండూ ఒకేసారి ఉండనివ్వండి.

విరాటుడి కుర్చీ

విరాటుడు చిన్న వేషం. నాలుగు డైలాగులుంటే ఎక్కువ. అయినా ఎప్పుడైనా ఈ వేషం మీకిస్తే వదులుకోకండి. అతను బావమరిదికి భయపడే రాజు. తప్పు అని తెలుసు. నోరు తెరవడు.

ఈ కుర్చీలో మనం అందరం ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్నాం. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక పెద్దాయన, అటెండర్‌ని పదిమందిలో నానా మాటలూ అన్నాడు. నేను ఫైల్ వైపు చూస్తూ ఉండిపోయాను. చదువుతున్నట్టు పేజీ కూడా తిప్పాను. విరాటుడు చేసేటప్పుడు నాకు ఆ పేజీ తిప్పడం గుర్తొచ్చింది. పక్కనున్న తాంబూలం పళ్ళెం కొంచెం సర్దాను, అంతే.

మీ జీవితంలోంచి ఇలా తీసుకునేటప్పుడు జాగ్రత్త ఒకటి ఉంది. మానిన గాయాలనే వాడండి. నిన్నమొన్న జరిగినవి, తలచుకుంటే ఇంకా నిద్ర పట్టనివి రిహార్సల్‌కి తేకండి. అవి పాత్రకి ఉపయోగపడవు, మిమ్మల్ని కుంగదీస్తాయి. సరిపోయే అనుభవం లేకపోతే "నేనే ఆ స్థానంలో ఉంటే" అన్న ఊహతో మొదలుపెట్టండి. అది చాలు.

ఒళ్ళు, గొంతు

చెడ్డవాడు బిగుసుకుని ఉండాలని ఏమీ లేదు. ఈ సభలో అందరికంటే హాయిగా ఉన్న ఒళ్ళు కీచకుడిది, ఎందుకంటే అతనికి భయం లేదు. బిగుసుకుపోయింది మంచివాళ్ళు. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. కీచకుడు నడిస్తే ఎదుటివాళ్ళు పక్కకి జరగాలి. కాబట్టి అతనికి తొందర అక్కర్లేదు. ఎస్వీ రంగారావు 1963 నాటి "నర్తనశాల"లో కీచకుడు చేసి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చుకున్నారు. దాన్ని ఒకసారి సౌండ్ ఆపేసి చూడండి. ఒళ్ళు మాత్రమే గమనించండి. అనుకరించకండి. అనుకరిస్తే ఆయన నడక వస్తుంది, ఆ నడక వెనకున్న ధీమా రాదు.

పద్యనాటకం అయితే ఇంకో చిక్కు ఉంది. రాగం బాగా వస్తే చప్పట్లు వస్తాయి, వన్స్ మోర్ అంటారు. ఆ ఆశతో పాత్రని వదిలేస్తాం. దీనికి నేను చేసేది: పద్యాన్ని ముందు మామూలు మాటల్లో, మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పదిసార్లు చెప్పడం. ఏ మాట ఎవరితో అంటున్నామో తేలాక హార్మోనియం ముందు కూర్చోవడం. సాగదీయవలసిన అక్షరం ఏదో అప్పుడు దానంతట అదే తెలుస్తుంది.

తన్నే చోట

ఇది పూర్తిగా చేతిపని, కానీ అన్నిటికంటే ముఖ్యం. కోపం పాత్రది. అదుపు మీది. జుట్టు పట్టుకునేటప్పుడు నిజంగా పట్టుకోకూడదు. మీ పిడికిలి మూసి ఆమె తల మీద ఆనించండి. ఆమె రెండు చేతులతో మీ మణికట్టు పట్టుకుంటుంది, బాధతో పట్టుకున్నట్టే కనిపిస్తుంది. కదలిక మొత్తం ఆమె నడిపిస్తుంది, మీరు వెంట వెళ్తారు. తన్ను ఆమెకి కనీసం అడుగు దూరంలో ఆగాలి, ప్రేక్షకులకి ఆ ఖాళీ కనపడని కోణంలో నిలబడాలి. మొదట చాలా నెమ్మదిగా, లెక్క చెప్పుకుంటూ చేయండి. ప్రదర్శన రోజు తెర తీయడానికి ముందు ఇద్దరూ ఇంకోసారి చేయండి. ఎక్కడ ముట్టుకోవచ్చో, ఎక్కడ వద్దో ఆమెని ముందే అడగండి. ఆవేశంలో కొత్తగా ఏదీ కలపకండి.

నేను కీచకుడు కట్టిన కొత్తలో ఒక ఊళ్ళో ఆ తన్ను దగ్గర ఈలలు, చప్పట్లు వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆడపిల్లని తన్నితే జనం చప్పట్లు కొట్టారు, కొట్టేలా చేసింది నేను. ఆలోచిస్తే తప్పు తెలిసింది. తన్నగానే నేను ప్రేక్షకుల వైపు తిరిగి మీసం మెలేసేవాణ్ణి. ఆ క్షణాన్ని ఆమె నుంచి లాగేసుకుని నా ఘనతగా మార్చుకున్నాను. తర్వాతి ప్రదర్శనలో మీసం తీసేశాను, అంటే ఆ మెలిక తీసేశాను. తన్నాక కదలకుండా నిలబడి ఆమెనే చూశాను. ఆమె లేచింది. జుట్టు వెనక్కి తోసుకుంది. ఏడవకుండా సభలో ఒక్కొక్కరి ముఖం చూసి, న్యాయం ఏదని రాజుని అడిగింది. ఒక్క ఈల లేదు. చెడు పాత్ర చేసేవాళ్ళు దీన్ని ఎప్పుడూ పరీక్షించుకోవాలి: మీరు చేసిన పని తర్వాత ప్రేక్షకుడి చూపు ఎవరి మీద ఉంది? బాధపడిన మనిషి మీద లేకపోతే ఏదో తప్పు చేశారు.

రిహార్సల్స్ మధ్యలో ఒక రోజు వేషాలు మార్చుకోండి. కీచకుడు ద్రౌపదిగా, ద్రౌపది కీచకుడిగా. నవ్వులాట కాకూడదు, సీను మొత్తం చివరిదాకా వెళ్ళాలి. కింద పడి, తలెత్తి చూస్తే ఆ సభలో ఒక్కరూ కదలకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. అది తెలిశాక మీ కీచకుడు మునుపటిలా ఉండడు.

వేషం దిగడం

ప్రదర్శన అయ్యాక గ్రీన్ రూమ్‌లో కిరీటం, నగలు ముందు తీసేయండి. కొబ్బరి నూనెతో రంగు నెమ్మదిగా తుడుచుకోండి. ఆ పదిహేను నిమిషాలు ఎవరితోనూ నాటకం గొంతుతో మాట్లాడకండి. మీతో చేసిన నటిని సొంత పేరుతో పిలవండి, చెయ్యి ఎక్కడైనా గట్టిగా పడిందా అని అడగండి. పడిందంటే రేపటి రిహార్సల్‌లో మొదట చేయవలసిన పని అదే. తర్వాత అందరితో కలిసి భోంచేయండి, విరాటుడు వడ్డిస్తే కీచకుడు, ద్రౌపది పక్కపక్కన కూర్చుని తినాలి. పడుకునే ముందు నోట్‌బుక్ తీసి, ఈ రోజు ఆ నిర్ణయం నిజంగా జరిగిన చోటు ఏదో, అలవాటుగా దాటిపోయిన చోటు ఏదో రెండు ముక్కలు రాసుకోండి.